ఇంట్లో బొమ్మలు గీయడానికి ఏ పెన్ ప్లాటర్ తీసుకోవాలి?

సిరాచుక్క

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా పీ5జేఎస్‌లో (బ్రౌజర్‌లో బొమ్మలు గీయించే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) కోడ్ రాసి గీతల బొమ్మలు చేస్తున్నాను. ఎక్కువగా పక్కపక్కనే సాగే సన్నటి వంపు గీతలు, ఒక్కో బొమ్మలో వెయ్యి నుంచి మూడు వేల దాకా ఉంటాయి. స్క్రీన్ మీద బాగానే ఉంటాయి గానీ ప్రింట్ తీస్తే జీవం పోతుంది. ఈమధ్య ఒక స్నేహితురాలి ఇంట్లో, అసలు పెన్నుని కాగితం మీద నడిపే యంత్రం, అంటే ప్లాటర్‌తో గీసిన బొమ్మ చూశాను. గీత మొదలైన చోట సిరా కాస్త చిక్కగా ఉంది, పోను పోను పలచబడింది. కాగితాన్ని వెలుతురుకి వాల్చి చూస్తే పెన్ను నొక్కిన గాడి కూడా కనబడింది. అప్పటినుంచి మనసు దాని మీదే ఉంది.

ఏ3 సైజు కావాలి. పక్క గదిలో చంటిపిల్ల పడుకుంటుంది, నాకు దొరికేది రాత్రి ఓ గంటన్నరే, కాబట్టి చప్పుడు తక్కువ ఉండాలి. సోల్డరింగ్ రాదు. యాక్సీడ్రా, నెక్స్ట్‌డ్రా, ఐడ్రా, పాత హెచ్‌పీ ప్లాటర్లు, సొంతంగా కట్టుకునేవి, గోడకు వేలాడేవి... చదివే కొద్దీ తల తిరుగుతోంది. స్పెసిఫికేషన్లలో ఎక్కడ చూసినా వేగం, రిజల్యూషన్ అంకెలే. నిజంగా చూడాల్సింది ఏమిటో వాడుతున్నవాళ్లు చెప్తారా?


బెల్టు_బిగింపు

సిరాచుక్క గారూ, ముందు ఆ రెండు అంకెల్నీ పక్కన పెట్టేయండి.

యాక్సీడ్రా గరిష్ఠ వేగం సెకనుకు 38 సెంటీమీటర్లు. ఆ వేగంతో సన్నపాళీ పెన్ను నడిపితే సిరా అందదు, గీత మధ్యలో తెల్లగా తెగిపోతుంది. సన్నటి పెన్నులతో నేను సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు దాటను. మీ బొమ్మలో గీతల మొత్తం పొడవు 100 మీటర్లు అనుకుందాం. సెకనుకు 25 మిల్లీమీటర్ల లెక్కన 4,000 సెకన్లు, అంటే గంటా ఏడు నిమిషాలు. ఎంత వేగంగా పరిగెత్తే యంత్రం కొన్నా ఆ గంట మాత్రం తగ్గదు, ఎందుకంటే ఆ వేగం పెన్నుది.

రిజల్యూషన్ కూడా అంతే. చాలా ప్లాటర్లలో ఉండేది 2 మిల్లీమీటర్ల పళ్ల బెల్టు, 20 పళ్ల పుల్లీ. పుల్లీ ఒక చుట్టు తిరిగితే 40 మిల్లీమీటర్లు జరుగుతుంది. మోటారు చుట్టుకు 200 స్టెప్పులు, డ్రైవర్ (మోటారుని నడిపే చిన్న సర్క్యూట్) ఒక్కోదాన్ని 16 ముక్కలు చేస్తే 3,200. అంటే మిల్లీమీటరుకు 80 స్టెప్పులు, ఒక్కోటి 0.0125 మిల్లీమీటర్లు. మీ పెన్ను గీత మందమే 0.3 ఉంటే అంతకన్నా సూక్ష్మం ఏం చేసుకుంటాం?

నన్నడిగితే చూడాల్సినవి రెండే. పెన్ను పట్టుకునే భాగం ఊగుతుందా? పెన్ను లేచి దిగడానికి ఎంతసేపు పడుతుంది?

నేను మొదట కొన్న కిట్ పేరు చెప్పను. అందులో పెన్ను జారే రెండు కడ్డీల దగ్గర అర మిల్లీమీటరు దాకా వదులు ఉండేది. ప్రతి గీత మొదట్లో చిన్న కొక్కెంలా వంకర వచ్చేది. మూడు వారాలు నా కోడ్‌లోనే తప్పుందనుకుని తలబద్దలు కొట్టుకున్నాను. చివరికి ఒకరోజు పెన్ను మొనను వేలితో పక్కకి నెడితే, అది మెత్తగా జరిగి వేలు తీయగానే వెనక్కి వచ్చింది. అప్పుడు అర్థమైంది. ఏ యంత్రం చూడ్డానికి వెళ్లినా ముందు ఆ పని చేయండి.


వరసగీత

పెన్ను లేవడం గురించి ఇంకో మాట. సిరాచుక్క గారివి పొడవాటి గీతలు కాబట్టి ఆ బాధ తక్కువే. చుక్కలతో బొమ్మ వేసేవాళ్లకి మాత్రం లెక్కంతా అదే. 20,000 చుక్కలున్న బొమ్మలో లేచి దిగడానికి 0.3 సెకను పడితే 100 నిమిషాలు. అదే పెన్ను కట్టిన త్రీడీ ప్రింటర్ మీదైతే ఇరుసు స్క్రూ తిరిగి పైకి లేవాలి కాబట్టి తేలిగ్గా ఒక సెకను పడుతుంది. అప్పుడు ఐదున్నర గంటలు.

ఇంట్లో త్రీడీ ప్రింటర్ ఉంటే మాత్రం దానికి ఒక పెన్ను బిగించి నాలుగు బొమ్మలు గీసి చూడమంటాను. ఎండర్ 3 లాంటి వాటికి 220 × 220 మిల్లీమీటర్ల బెడ్ ఉంటుంది. ఏ4 పొడవు కూడా పూర్తిగా అందదు గానీ, ఈ పని మీకు నచ్చుతుందో లేదో తెలుస్తుంది.


సిరాచుక్క

ఎంత ఓపిగ్గా రాశారండీ, ధన్యవాదాలు. త్రీడీ ప్రింటర్ లేదు. బెల్టు_బిగింపు గారూ, ఆ వదులు సంగతి చదివాక ఒక అనుమానం. చెయ్యి బయటికి చాచినట్టుండే డిజైన్ (యాక్సీడ్రా లాంటిది) చివర్లో వంగదా? నాలుగు వైపులా ఫ్రేమ్ ఉన్నదే మంచిదా?


బెల్టు_బిగింపు

వంగుతుంది, కొద్దిగా. చెయ్యి పూర్తిగా చాచినప్పుడు పెన్ను మొన కాస్త కిందికి దిగుతుంది. అందుకే కాగితానికి దగ్గర మూల, దూరపు మూల రెండు చోట్లా పెన్ను లేపి చూసి ఎత్తు సరిచేసుకోవాలి. ఒక్క చోటే చూసుకుంటే దూరంగా ఉన్న మూలలో గీతకీ గీతకీ మధ్య పెన్ను కాగితాన్ని రాసుకుంటూ పోతుంది. ఆ యంత్రాల్లో ఒక మంచి విషయం ఏమిటంటే పెన్ను తన బరువుతోనే కాగితం మీద ఆనుతుంది. సర్వో అనే చిన్న మోటారు దాన్ని లేపుతుంది, వదులుతుంది, అంతే. కిందికి నొక్కదు. కాబట్టి చెయ్యి కాస్త వంగినా పాళీ మీద ఒత్తిడి పెద్దగా మారదు.

ఫ్రేమ్ ఉన్నవి గట్టిగానే ఉంటాయి. కానీ కాగితం ఫ్రేమ్‌లోపలే ఇమడాలి. చెయ్యి చాచే యంత్రాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టొచ్చు. కుట్టిన నోట్‌బుక్ పేజీ మీదో, యంత్రం కన్నా పెద్ద షీట్ మీదో ఒక మూలన గీసుకోవచ్చు. ఆ స్వేచ్ఛ నాకు చాలా విలువైనది. ఏ3కి యాక్సీడ్రా వీ3/ఏ3 పరిధి 430 × 297 మిల్లీమీటర్లు, అంటే అంచు దాకా వస్తుంది. దాన్ని తయారుచేసిన ఈవిల్ మ్యాడ్ సైంటిస్ట్ అనే కంపెనీని 2024లో బాంటమ్ టూల్స్ కొనేసింది. ఆ తర్వాత వచ్చినవే నెక్స్ట్‌డ్రా యంత్రాలు. 1117 అంటే 11 × 17 అంగుళాలు, దాదాపు ఏ3.


పాతయంత్రం

అమ్మా సిరాచుక్కా, పాత యంత్రాల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నా దగ్గర హెచ్‌పీ 7475ఏ ఉంది. ఆరు పెన్నుల గుండ్రటి కారౌసెల్, ఏ3 దాకా పడుతుంది. అందులో పెన్ను ఒక దిక్కులోనే నడుస్తుంది. రెండో దిక్కులో కాగితమే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. గరుకు చక్రాలు అంచులు పట్టుకుని ఎన్నిసార్లు లాగినా కాగితం సరిగ్గా అదే చోటికి తిరిగి వస్తుంది. రంగు మార్చాల్సి వస్తే తనే వెళ్లి ఒక పెన్ను పెట్టేసి ఇంకోటి తెచ్చుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

దాని భాష హెచ్‌పీజీఎల్. చేత్తో టైప్ చేసి గీయించవచ్చు, అంత సులువు. ఎస్‌పీ1 అంటే ఒకటో పెన్ను తీసుకో, పీయూ అంటే లేపు, పీడీ అంటే దించు. ఒక్కో యూనిట్ 0.025 మిల్లీమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 40.

ఇక కష్టాలు. సీరియల్ కేబుల్‌తో కలపాలి. దాని బఫర్ (వచ్చిన ఆదేశాలు దాచుకునే చోటు) 1,024 బైట్లే. కంప్యూటర్ ఆగకుండా పంపిస్తే లోపల నిండిపోయి మధ్యలో గీతలు ఎగిరిపోతాయి. ‘నిండింది, ఆగు’ అని అది చెప్పేది కంప్యూటర్‌కి అందేలా కేబుల్ తీగలు సరిగ్గా ఉండాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే. అసలు పెన్నులు ఎప్పుడో ఆగిపోయాయి, ఇప్పటి పెన్నులు పట్టేలా తొడుగులు ప్రింట్ చేసుకోవాలి. మందపాటి కాగితం చక్రాల కిందకి పోదు. చప్పుడు కూడా గట్టిదే, పక్క గదిలో పసిబిడ్డ ఉందంటున్నావు కాబట్టి నీకు నేను సిఫారసు చేయను. రోలాండ్ డీఎక్స్‌వై 1200, 1300 లాంటివి ఎక్కడైనా కనబడితే చూడు. వాటిలో కాగితం కదలదు, ఎనిమిది పెన్నులు, ఏ3.

1965లో స్టుట్‌గార్ట్‌లో గియోర్గ్ నీస్, ఫ్రీడర్ నాకె తమ కంప్యూటర్ బొమ్మల్ని ప్రదర్శనకు పెట్టారు. అవి త్సూజె గ్రాఫోమాట్ జెడ్64 అనే బల్లంత ప్లాటర్ మీద గీసినవి. వెరా మోల్నార్ 1968 నుంచి కంప్యూటర్‌తో గీయడం మొదలుపెట్టి, 2023లో చనిపోయేదాకా చతురస్రాల్ని, గీతల్ని వదల్లేదు. ఆమె పని చూస్తే యంత్రం మీద దిగులు తగ్గుతుంది. కొన్ని చతురస్రాలు, వాటిలో కాస్తంత అస్తవ్యస్తం. అంతే కావాలి.


సిరాచుక్క

బాబాయ్ గారూ, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. చప్పుడు లేకపోయుంటే మీ మాట కాదని అయినా అదే కొనేదాన్నేమో.


గోడగీత

వేలాడేదాని గురించి అడిగారు కాబట్టి క్లుప్తంగా. పైన రెండు మూలల్లో రెండు మోటార్లు, రెండు తాళ్లు, మధ్యలో పెన్ను. గోడంత బొమ్మ గీయొచ్చు, మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. కానీ మీ రకం బొమ్మకి వద్దు. మోటార్ల మధ్య పైభాగంలో తాళ్లు దాదాపు అడ్డంగా ఉంటాయి, అక్కడ లాగుడు బాగా పెరుగుతుంది. కింది మూలల్లోకి వెళ్తే ఒక తాడు వదులై పెన్ను ఊగుతుంది. ఒక మిల్లీమీటరు దూరంలో పక్కపక్కన నడవాల్సిన గీతలు ఒకదాన్నొకటి ముట్టుకుంటాయి. పైగా పెన్ను అడ్డంగా ఉంటుంది కాబట్టి నిబ్బు పెన్నులు, టెక్నికల్ పెన్నులు (సన్నటి గొట్టం మొన ఉండేవి) సిరా వదలవు. మార్కర్లతో పెద్ద బొమ్మలకి మాత్రం దీన్ని మించింది లేదు.


కత్తిరింపు

వినైల్ కత్తిరించే యంత్రం ఇంట్లో ఉన్నవాళ్లు బ్లేడు తీసి పెన్ను పెట్టుకోవచ్చు కదా? సిల్హౌట్ కామియోతో నేను అదే చేస్తున్నాను. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌కి దాని ఎక్స్‌టెన్షన్ ఉంది కాబట్టి నా ఎస్‌వీజీ (గీతల్ని గీతలుగానే దాచే) ఫైల్ నేరుగా పంపుతాను.


వరసగీత

ఉన్నవాళ్లకి బాగుంటుంది. కొత్తగా ఇందుకోసమే కొనడం దండగ. రోలర్లు కాగితాన్ని లాగుతాయి కాబట్టి తడి సిరా మీద గుర్తులు పడే ప్రమాదం ఉంది. క్రికట్ లాంటి వాటిలో కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌లోకి లాగిన్ అయి అందులోంచే గీయించాలి. మన కోడ్ నుంచి వచ్చిన గీతల మీద మన పట్టు తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. ఏ యంత్రం కొన్నా వీపైప్ నేర్చుకోండి, ప్లాటర్‌కి పంపే ఫైళ్లని సరిచేసే సాఫ్ట్‌వేర్ అది. లైన్‌మెర్జ్ అనే కమాండ్ ఒక గీత చివర, ఇంకో గీత మొదలు కలిసే చోట రెంటినీ ఒకటి చేస్తుంది. లైన్‌సార్ట్ గీతల వరస మార్చి గాల్లో తిరుగుడు తగ్గిస్తుంది. పీ5జేఎస్ నుంచి వచ్చే ఫైళ్లలో ఒక వంపు గీత వంద చిన్న ముక్కలుగా ఉండొచ్చు. అలాగే పంపితే పెన్ను ప్రతి ముక్కకీ లేచి దిగి, వంపంతా చుక్కలు చుక్కలుగా మచ్చలు పడుతుంది. కొత్తవాళ్లు దాన్ని యంత్రం లోపం అనుకుంటారు.

అక్షరాలు గీయాలంటే మామూలు ఫాంట్లు పనికిరావు, అక్షరం చుట్టూ గీత గీసి లోపల ఖాళీ వదిలేస్తాయి. ఒంటి గీత అక్షరాలు కావాలి. ఇంగ్లిష్‌కి హెర్షీ ఫాంట్లు 1967 నుంచీ ఉన్నాయి. తెలుగుకి నేను స్క్రీన్ మీద గీతలు గీసి సొంతంగా చేసుకుంటున్నాను. ‘క్ష’ దగ్గర పెన్ను ఎక్కడ లేపాలో తేల్చుకోవడానికే ఒక సాయంత్రం పట్టింది.


నిబ్బు_నేస్తం

అందరూ యంత్రం గురించే మాట్లాడుతున్నారు, బొమ్మలో చివరికి కనబడేది సిరా, కాగితం.

మొదటి నెల పిగ్మా మైక్రాన్ లేదా అలాంటి పిగ్మెంట్ ఫైన్‌లైనర్ చాలు. 005 గీత 0.20 మిల్లీమీటర్లు, 05 గీత 0.45. ‘05’ని చూసి 0.05 అనుకుని కొని తర్వాత బాధపడతారు, చూసుకోండి. 005 చాలా సున్నితం, గరుకు కాగితం మీద ఒకట్రెండు బొమ్మలకే మొన చెదురుతుంది. కాగితం నున్నటిదీ మందమైనదీ తీసుకోండి, బ్రిస్టల్ మంచిది. పలచటి కాగితం మీద గీతలు దగ్గర దగ్గరగా పడితే తడికి ఉబ్బి అలల్లా లేస్తుంది. లేచిన చోట పెన్ను తగులుతుంది, బొమ్మ పాడవుతుంది.

మీరు రాత్రిపూట గీయించేలా ఉన్నారు కాబట్టి ఒక మాట. బొమ్మ మొదలుపెట్టే ముందు పెన్నుతో చేత్తో పక్కన కాగితం మీద పది సెకన్లు గీయండి. మూత తీసి ఊరికే ఉన్న పెన్ను మొదటి గీత సగం వేసి మానేస్తుంది.

యంత్రం ఎంచుకునేటప్పుడు కూడా పెన్ను గురించి ఆలోచించాలి. టెక్నికల్ పెన్నులకి నిటారుగా నిలబడాలి, నిబ్బు పెన్నుకి వాలుగా పట్టాలి. హోల్డర్‌లో రెండు రకాలూ కుదురుతాయా చూడండి. లావు మార్కర్ పడుతుందా? ఇంకోటి, రంగుకో పెన్ను మార్చేటప్పుడు కొత్త పెన్ను మొన సరిగ్గా పాతదాని చోటే నిలవాలి. నేను మొన కింద ఒకే అట్టముక్క పెట్టి ప్రతి పెన్నునీ దాని మీద ఆనేదాకా దించి బిగిస్తాను. దాంతో ఎత్తు ఒకేలా వస్తుంది. పక్కకి జరిగిందా లేదా అన్నది మాత్రం హోల్డర్ చేతుల్లో ఉంది.


వరసగీత

దానికి తోడు: యాక్సీడ్రా సాఫ్ట్‌వేర్‌లో లేయర్ పేరు ముందు ఆశ్చర్యార్థకం పెడితే ఆ లేయర్ మొదలయ్యే ముందు తనే ఆగుతుంది. పెన్ను మార్చి మళ్లీ నడిపించవచ్చు.


సిరాచుక్క

చాలా చాలా థాంక్స్. సొంతంగా కట్టుకునే దాని సంగతి కూడా చెప్పండి. సోల్డరింగ్ నేర్చుకుంటే నాకు కుదురుతుందా?


బెల్టు_బిగింపు

కుదురుతుంది. ఆర్డ్వినో బోర్డు, దాని మీద కూర్చునే సీఎన్‌సీ షీల్డ్ (మోటారు డ్రైవర్లు పెట్టే బోర్డు), మోటార్లని నడిపే జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రామ్, రెండు స్టెప్పర్ మోటార్లు, ఒక చిన్న సర్వో. సోల్డరింగ్ పెద్దగా ఉండదు కూడా. చప్పుడు విషయంలో అయితే సొంతంగా కట్టుకోవడమే మేలు, ఎందుకంటే డ్రైవర్లు మీరే ఎంచుకుంటారు. ఏ4988 డ్రైవర్లు కీచుమంటాయి. టీఎంసీ2209 పెడితే మోటారు తిరుగుతున్నట్టే వినబడదు, సర్వో టిక్కుటిక్కుమనడం ఒక్కటే మిగులుతుంది. బల్ల కూడా డప్పులా మోగుతుంది, కింద మందపాటి రబ్బరు షీట్ వేయండి.

కానీ నిజాయితీగా చెప్తాను. జీఆర్‌బీఎల్ సర్వోకి పంపే సిగ్నల్ స్పిండిల్ (కోత యంత్రంలో పనిముట్టుని తిప్పే మోటారు) కోసం చేసినది, వేగం దాదాపు 1,000 హెర్ట్జ్. మామూలు సర్వోకి 50 హెర్ట్జ్ కావాలి. మార్చిన వెర్షన్ వెతికి ఎక్కించాలి. ఇలాంటివి ఒక పది తగులుతాయి. నాకు అదే ఇష్టం కాబట్టి ఆనందంగా చేశాను. మీ చేతిలో గీయాల్సిన బొమ్మలు రెండేళ్లవి ఉన్నాయి. రోజుకి రాత్రి గంటన్నర దొరికే మనిషి ఆ గంటన్నర బొమ్మకి పెట్టాలని నా కోరిక. రెడీమేడ్ తీసుకోండి, వాడినదైనా పరవాలేదు.


సిరాచుక్క

సరిగ్గా నా పరిస్థితి చెప్పారు. ఒకాయన తన ఏ3 యంత్రం ఇచ్చేస్తానంటున్నారు, చెయ్యి చాచే రకమే. శనివారం చూడ్డానికి వెళ్తున్నాను. ఏ ఫైల్ పట్టుకెళ్లాలి?


బెల్టు_బిగింపు

ఒక్క ఏ4 పేజీ చాలు. పైన 20 మిల్లీమీటర్ల వృత్తాలు ఒక వరస, ఒక్కోదాన్లో ఒక కేంద్రం చుట్టూ పది వృత్తాలు. కింద ఒక చతురస్రం. చివర ఓ యాభై చిన్న చుక్కలు.

వృత్తాన్ని గడియారం ముఖంలా ఊహించుకోండి. ఎక్కడైనా చిన్న మెట్టులా కనబడితే అది ఏ గంట దగ్గరో చూడండి. దిక్కుకో మోటారు ఉన్న యంత్రంలో బెల్టు వదులైతే మెట్టు 12, 3, 6, 9 దగ్గర పడుతుంది, ఎందుకంటే మోటారు వెనక్కి తిరిగేది అక్కడే. మీరు చూడబోయేదాన్లో రెండు మోటార్లూ కలిసి ఒకే బెల్టుతో రెండు దిక్కులూ నడుపుతాయి. అందులో మెట్టు ఒకటిన్నర, నాలుగున్నర, ఏడున్నర, పదిన్నర దగ్గర పడుతుంది. అలా కనిపిస్తే భయపడకండి, బెల్టు బిగిస్తే పోతుంది. మెట్టు లేకుండా వృత్తం కొస మొదలుతో కలవకపోతే మాత్రం పెన్ను హోల్డర్ వదులు కావచ్చు, వేలితో నెట్టి చూడండి.

తర్వాత కాగితం కదపకుండా అదే ఫైల్ మళ్లీ గీయించండి. రెండో గీత మొదటిదాని మీదే పడాలి. గీత లావెక్కిందంటే ఏదో జారుతోంది.


నిబ్బు_నేస్తం

పెన్ను మీదే తీసుకెళ్లండి. ఆయన పెన్ను ఎండిపోయి ఉంటే యంత్రాన్ని అనుమానిస్తారు.


సిరాచుక్క

వెళ్లొచ్చాను! ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి.

పెన్ను మొన వేలితో నెట్టాను, కదల్లేదు. ఫైల్ గీయించాను. మొదటి వృత్తంలో నాకేమీ కనబడలేదు. ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే, ఒకటిన్నర దగ్గరా ఏడున్నర దగ్గరా పదింటికి పది వృత్తాల్లోనూ వెంట్రుకంత మెట్టు. నాకు ఒళ్లు జలదరించింది, మీరు చెప్పినట్టే ఉంది. ఆయనకి చూపించి బెల్టు కాస్త బిగిద్దామా అని అడిగాను. స్క్రూ అర చుట్టు తిప్పారు. మళ్లీ గీస్తే మెట్టు లేదు. రెండోసారి అదే ఫైల్ పైన వేస్తే గీత నల్లబడింది గానీ లావెక్కలేదు. యంత్రం ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

నిన్న రాత్రి మొదటి బొమ్మ. 1,200 గీతలు ముక్కలు ముక్కలుగా ఉంటే లైన్‌మెర్జ్ పెట్టాక సరిగ్గా 1,200 అయ్యాయి. దూరపు మూలలో పెన్ను ఎత్తు చూసుకోవడం మర్చిపోయాను, కింద కుడివైపు సన్నటి గీర ఒకటి పడింది. రబ్బరు షీట్ వేశాక పక్క గదిలోకి ఏమీ వినబడలేదు.

ఒక చివరి ప్రశ్న. నల్ల కాగితం మీద తెల్ల జెల్ పెన్ను పెడితే గీత మధ్యలో తెగుతోంది. సెకనుకు 30 మిల్లీమీటర్లు పెట్టాను.


నిబ్బు_నేస్తం

శుభాకాంక్షలు! 15కి తగ్గించండి. జెల్ పెన్ను మొనలో చిన్న గుండు తిరుగుతుంది, తెల్ల సిరా చిక్కన, దానికి టైమ్ ఇవ్వాలి. పెన్ను మరీ తేలికైతే కాగితం మీద ఆనదు, హోల్డర్ పైన చిన్న బరువు పెట్టి చూడండి. రెండు వాషర్లు టేపుతో అంటించినా సరిపోతుంది.


సిరాచుక్క

15 పెట్టి, రెండు వాషర్లు అంటించాను. ఇప్పుడు పదో గీత వేస్తోంది, ఒక్కటీ తెగలేదు. ఇంకా రెండు గంటల పది నిమిషాలు అని చూపిస్తోంది.